మాడు

"బిడ్డకు ఏడాది దాటినట్టుండాదే" అన్నాడు
గేటు దగ్గిర కాకీ చొక్కా ఆయన.
నాకు కోపం రావాల్సింది.
లోపలెక్కడో పాలు చేపినట్టు సంతోషం వచ్చింది.

చిత్తూరు పెద్దాసుపత్రిలో
రెండు కేజీల నూరు గ్రాములు తూగిన బిడ్డ ఇది.
గాజుపెట్టెలో పదిహేడు దినాలు
నీలం దీపం కింద కళ్లకు గంతలతో పడుకొన్నది.
నర్సమ్మ నా మొహం చూడకుండా
"చూద్దాంలేమ్మా" అని పొయ్యేది.
బతుకుతుందని ఎవరూ నమ్మని బిడ్డను
ఈ పొద్దు ఏడాది లోపుదంటే ఎవరూ నమ్మడం లేదు.
ఇంత మంచి అవమానం నాకెప్పుడూ జరగలేదు.

చంటిబిడ్డ ఉంటే ఈ దోవన పంపిస్తారని
పలమనేరులో బస్సెక్కినప్పటి నుంచీ అత్త చెప్తానే ఉంది.
మూడు దినాల సెలవు, నాలుగు సంచులు,
ఘాటు రోడ్డు మలుపుల్లో రెండు వాంతులు,
ఇంతా చేసి ఒక తేదీ ముందర నిలబడినాము.

"సర్టిఫికెట్టమ్మా?"
పాలసీసా పక్కన నాని, మడతల్లో చిరిగిన జెరాక్సు.
తేదీ ఉంది. తూకం ఉంది. కోమల అని నా పేరుంది.
బిడ్డ పేరు దగ్గిర ఒట్టి గీత.
పేరు పెట్టాలంటే భయపడిన రోజుల కాగితం అది.
పెడితే పిలవాల్సొస్తుంది,
పిలిస్తే పలక్కపోతే?

"ఆ బిడ్డే ఈ బిడ్డని ఏముంది?"
ఏముంది సార్.
ఆధార్‌లో పేరుంది, ఆధార్ ఆయన ఫోన్లో ఉంది,
ఫోన్లు దాచే కౌంటరుకు ఆయన పొయినాడు.
నా దగ్గిరున్న లెక్క చెప్తే నువ్వు రాసుకోవు:
పోయినేడు తోతాపురికి రేటు పడిపోయి
బంగారుపాళెం దగ్గిర కాయల ట్రాక్టర్లు వరస కట్టిన రాత్రి
ఆంబులెన్సు వాటి వెనకాల ఇరుక్కొనింది.
మాగిన కాయల వాసనలో నేను పండ్లు కొరుకుతా ఉన్నా.
ఈ ఏడు కాయ ఇంకా కోతకు రాలేదు సార్.
వచ్చే నెల వస్తుంది. అప్పటికి దీనికి ఏడాది.

"పండ్లెన్ని?"
"ఆరు."
"ఆరా! నడుస్తుందా?"
"లేదు సార్, గోడ పట్టుకొని నిలబడుతుంది, అంతే."

ఆ మాట నా నోట్లో ఉండంగానే
మోక్షిత ఇనుప కమ్మీ వదిలేసింది.

ఒక అడుగు.
నా వెనకాల ఎవరో "అయ్యో" అన్నారు.
ఇంకొకటి.
గజ్జె ఒక కాలికే మోగింది,
రెండోది ఏ మలుపులో పడిపోయిందో.
తూలతా పొయ్యి
కాకీ ప్యాంటును మోకాలి దగ్గిర రెండు చేతులతో పట్టుకొని
తలెత్తి నవ్వింది, ఆరు పండ్లూ కనబడేటట్టు.

నా సాక్షి నా మీదే సాక్ష్యం చెప్పింది.
"నడవదంటివే" అన్నాడాయన
కాలు కదపకుండా.
కదిపితే పడిపోతుందని.

చిమ్మే ఆమె చీపురు గోడకు ఆనించి వచ్చింది.
అరచెయ్యి కొంగుకు తుడుచుకొని
బిడ్డ నెత్తిన పెట్టి, కళ్లు మూసుకొంది.
"మాడు ఇంగా పూడలేదు సార్.
కొట్టుకుంటా ఉంది చూడు. పసిబిడ్డే."

ఆయన ఒక వేలు పెట్టినాడు.
తటాలున తీసేసినాడు,
పిట్టగూట్లో చెయ్యి పెట్టినవాడి మాదిరి.
"పోమ్మా" అన్నాడు. పేపరు అడగలేదు ఇంక.

లోపల దేవుణ్ణి చూసినానా? చూసినాననే అంటాను.

ఆయన ఉరుక్కుంటా వచ్చి కలిసేసరికి అంతా అయిపోయింది.
"ఎన్నడుగులు?"
మూడంటాను నేను. అయిదంటుంది అత్త.
ఫోటో లేదు.
బస్టాండులో పది మంది మధ్యన దించి
రా తల్లీ రా అని ఆయన చేతులు చాపితే
నేల మీద కూలబడి చెనక్కాయ పొట్టు ఏరుకొనింది.

ఇప్పుడు దిగే బస్సులో నా ఒళ్లో నిద్రపోతా ఉంది.
అరచేతి కింద ఆ మెత్తని తావు
ఎగిసి, అణిగి, ఎగిసి.
ఆయన ఇంకా అడగతానే ఉన్నాడు,
మొదట ఏ కాలు ముందర పెట్టింది, ఎడమా కుడా అని.

కుడే అనుకొంటా.